లాభం లేని నాటకశాలలో పెత్తనం ఎవరిది?

నాటకం ప్రజల సొత్తు అని మనం చాలాకాలంగా చెపుతూ వస్తున్నాం. సభల్లో చెప్పాం, తీర్మానాల్లో రాశాం, తరగతుల్లో బోధించాం. అయితే ప్రజల సొత్తయిన ఈ నాటకానికి జమాఖర్చులు ఎవరు రాస్తారు, ఏ నాటకం ఆడాలో ఎవరు నిర్ణయిస్తారు, నెల తిరిగేసరికి నటుడి ఇంటికి బియ్యం ఎక్కడినుంచి వస్తాయి అన్న ప్రశ్నలు ఎదురయ్యేసరికి మన విమర్శ గొంతు సవరించుకుని మరో విషయంలోకి వెళ్ళిపోతుంది. నాటక రచనను గురించి మనకు విమర్శ వుంది. నటనను గురించి కొంత వుంది. నాటక సంస్థను నడిపే మనుషులను గురించి మాత్రం సంస్మరణ సంచికలే గాని విమర్శ లేదు. పోయినవారిని పొగడడానికీ వున్నవారికి శాలువ కప్పడానికీ మధ్య, ఆ పని అసలు ఎలా జరుగుతుందన్న ఆలోచన జారిపోతున్నది.

ఇందుకు నేను తీసుకుంటున్న ఉదాహరణ మనది కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1950లో పుట్టి నేటికీ నడుస్తున్న అరీనా స్టేజి అనే నాటక సంస్థ. దాన్ని స్థాపించి నలభై ఏళ్ళపాటు నడిపిన జెల్డా ఫిచాండ్లర్ అనే స్త్రీ. ఆమెతోపాటు సంస్థ ఆర్థిక వ్యవహారాలు మోసిన ఆమె భర్త టామస్. అమెరికా నాటకం అనగానే మనవాళ్ళకు బ్రాడ్‌వే గుర్తు వస్తుంది. న్యూయార్కులో ఒక వీధి, ఆ వీధిలో పెట్టుబడి పెట్టేవాళ్ళు, ఆడితే కోట్లు, ఆడకపోతే మర్నాడే మూత. ఆ చిత్రం అబద్ధం కాదు. కాని రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆ వీధికి దూరంగా, డల్లస్‌లో, హ్యూస్టన్‌లో, వాషింగ్టన్‌లో, తరవాత మినియాపోలిస్‌లో మరో రకం నాటకశాలలు లేచాయి. వాటిని అక్కడ ప్రాంతీయ నాటకశాలలంటారు. లాభాపేక్ష లేని సంస్థలుగా చట్టరీత్యా నమోదయినవి. పెట్టుబడిదారీ వ్యవస్థ నట్టనడుమ లాభం లేకుండా నడిచే నాటకశాల అనగానే మనలో కొందరికి ముచ్చట, కొందరికి అనుమానం. రెండూ తొందరపాటే.

మొదట ఆ ఊరి పరిస్థితి చెప్పాలి. 1940ల చివర వాషింగ్టన్‌లో చెప్పుకోదగిన నాటకశాల నేషనల్ థియేటర్ ఒక్కటే. అందులో నల్లజాతి ప్రేక్షకులకు ప్రవేశం లేదు. వర్ణభేదం పాటించే శాలలో మా సభ్యులు ఆడరని నటుల కార్మిక సంఘం పట్టుబట్టింది. యాజమాన్యం ఏంచేసింది? నల్లవారిని కూర్చోబెట్టడం కన్నా నాటకాలు మానుకోవడమే మేలనుకుని 1948లో దాన్ని సినిమాహాలు చేసింది. మళ్ళీ 1952లో గాని అందులో నాటకానికి తెరలేవలేదు. అంటే, ప్రపంచానికంతకూ ప్రజాస్వామ్యం బోధిస్తున్న ఒక దేశపు రాజధానిలో, వర్ణదురభిమానం కారణంగా నాటకమే లేని నాలుగేళ్ళున్నాయి. ఆ నాలుగేళ్ళ మధ్యలో, 1950 ఆగస్టులో, జెల్డా ఫిచాండ్లర్, ఆమె గురువు ఎడ్వర్డ్ మాంగమ్, టామస్ కలిసి హిప్పోడ్రోమ్ అనే పాత సినిమాహాలులో 247 కుర్చీలు వేసి నాటకం మొదలుపెట్టారు. మొదటిరోజు నుంచీ ఎవరి రంగూ అడగలేదు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవారు ఏ కుర్చీలోనయినా కూర్చోవచ్చు.

ఈ ఒక్క విషయం చాలు వారిని గౌరవించడానికి. అయితే గౌరవంతో విమర్శ ఆగిపోకూడదు గదా.

జెల్డాకు అప్పటికి పాతికేళ్ళు దాటాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో రష్యన్ భాష చదివింది. జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నాటకకళలో ఎం.ఏ. చేసింది. ఆ పరిశోధనా వ్యాసం సోవియట్ రంగస్థలంపై షేక్స్పియర్‌ను గురించి. ఆమె మనసులోని ఆదర్శం ఎక్కడిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. స్థిరమైన నటబృందం, ఏళ్ళతరబడి కలిసి పనిచేసే మనుషులు, ఒక నాటకంలో రాజు వేసినవాడు మరో నాటకంలో దివిటీ పట్టుకోవడం, నటుడికి నెలజీతం. ఇది మాస్కో ఆర్ట్ థియేటర్ ఆదర్శం. బ్రాడ్‌వేలో నటుడు ఒక్కొక్క నాటకానికి కూలికి వచ్చే మనిషి. నాటకం ముగిస్తే అతడూ వీధిలో వుంటాడు. ఈ కూలి పద్ధతిని తీసివేసి నటుడికి ఒక ఇల్లు, ఒక ఊరు ఇవ్వాలన్నది ఆమె తపన. మిగిలినదంతా దీనికోసమే కట్టుకున్న ఏర్పాటు.

రంగస్థలం నడుమ, ప్రేక్షకులు నాలుగు వైపులా. పాశ్చాత్యులు దీన్ని పెద్ద విప్లవంగా చెప్పుకున్నారు. వీధిభాగవతం చూసినవాడికి ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదు. పైగా ఇందులో కళాతత్వం కన్నా పొదుపు పాలు ఎక్కువ. తెరలు అక్కరలేదు, రంగు పూసిన కట్టడాలు అక్కరలేదు. పేదరికం నుంచి పుట్టిన రూపానికి తరవాత సిద్ధాంతం కుదిరింది. మన బుర్రకథా అంతే గదా.

సంస్థ మొదట లాభాపేక్ష లేనిది కాదు. ఊళ్ళోవాళ్ళకు వాటాలు అమ్మి పెట్టుబడి కూర్చుకుని కంపెనీగానే మొదలుపెట్టారు. మాంగమ్ 1952లో వెళ్ళిపోయాడు. అయిదేళ్ళలో యాభైకి పైగా నాటకాలు ఆడారు. శాల నిండినా ఖర్చులు గిట్టని చోటికి వచ్చి 1955లో హిప్పోడ్రోమ్‌ను వదిలారు. ఒక ఏడాది మూతపడి, 1956లో ఒక పాత బీరు కర్మాగారంలోని విందుశాలలో అయిదువందల కుర్చీలతో మళ్ళీ తెరిచారు. లాభాపేక్ష లేని సంస్థగా మారింది 1959లో.

ఈ మార్పు ఎందుకు అవసరమయిందో అర్థం చేసుకోవాలి. 1966లో బామాల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల ఆర్థిక సమస్యను గురించి ఒక గ్రంథం ప్రచురించారు. వారి వాదం సులభమైనది. ఫ్యాక్టరీలో యంత్రం వస్తే గంటకు పది చెప్పులు కుట్టేచోట వంద తయారవుతాయి. హామ్లెట్ నాటకానికి మాత్రం షేక్స్పియర్ కాలంలో ఎందరు నటులు ఎన్ని గంటలు శ్రమించాలో నేడూ అందరే, అన్ని గంటలే. బయటి ప్రపంచంలో కూలి రేట్లూ ధరలూ పెరుగుతుంటే నాటకానికి ఖర్చు పెరుగుతుంది, ఉత్పత్తి పెరగదు. కనుక టిక్కెట్ల మీద వచ్చే డబ్బుకూ, అయ్యే ఖర్చుకూ మధ్య ఎప్పుడూ ఒక గొయ్యి వుంటుంది. కాలం గడిచినకొద్దీ ఆ గొయ్యి పెద్దదవుతుంది. మార్క్సు చదివినవారికి ఇది కొత్తగా వినిపించదు. బతికివున్న శ్రమను యంత్రంలో పోసి దాచిపెట్టలేని వృత్తి ఇది. ఈ గొయ్యిని పూడ్చడానికి మూడే దారులు: నటుడి కడుపు మాడ్చడం, టిక్కెట్టు ధర పెంచి పేదవాణ్ణి బయటికి నెట్టడం, ఎవరిదగ్గరన్నా చెయ్యిచాచడం. లాభాపేక్ష లేని సంస్థ అనే చట్టపు రూపం ఈ మూడోదారికి వేసిన రాజముద్ర. లాభాన్ని ఎవరికీ పంచకూడదు, వాటాదారులుండరు. అందుకు ప్రతిగా పన్ను వుండదు, విరాళమిచ్చినవాడికి కూడా పన్నులో తగ్గింపు వుంటుంది. పైన ధర్మకర్తల మండలి వుంటుంది. అందులో సాధారణంగా ఊళ్ళోని డబ్బున్నవాళ్ళూ, వకీళ్ళూ, వారి స్నేహితులూ వుంటారు. మండలి కింద ఇద్దరు నాయకులు: కళకు ఒకరు, కాసుకు ఒకరు.

అరీనాలో ఈ ఇద్దరూ భార్యాభర్తలు. టామస్ ఆర్థికశాస్త్రజ్ఞుడు. 1986లో విరమించుకునేదాకా సంస్థ లెక్కలు, చందాలు, ఒప్పందాలు, భవనం, అన్నీ అతని చేతిమీదుగానే నడిచాయి. నాటకాల ఎంపిక, దర్శకుల నియామకం, నటుల ఎంపిక జెల్డావి. మన దేశంలో ఇంటిపెత్తనం ఎవరిది, పద్దు ఎవరిది అన్న విభజనకు ఇది తలకిందులుగా వున్నదని ఎవరయినా అంటే నేను కాదనను. ఇంకొక సంగతి కూడా చూడండి. డల్లస్‌లో 1947లో మొదటి నాటకశాల పెట్టినది మార్గో జోన్స్. అదే ఏడు హ్యూస్టన్‌లో పెట్టినది నైనా వాన్స్. వాషింగ్టన్‌లో జెల్డా. ఈ ఉద్యమపు తొలి నాయకుల్లో ముందు పేర్లు స్త్రీలవి. బ్రాడ్‌వే పెట్టుబడిదారులు స్త్రీ చేతికి నాటకం ఇవ్వడానికి ఇష్టపడని రోజులవి. డబ్బులేని చోట, పేరులేని ఊళ్ళో, ఎవరూ పోటీకి రాని పని గనుక స్త్రీలకు దక్కిందని నా అభిప్రాయం. 1963లో మినియాపోలిస్‌లో పెద్ద భవనంతో, పెద్ద విరాళాలతో టైరోన్ గథ్రీ వంటి ప్రఖ్యాత దర్శకుడు వచ్చేసరికి ఈ పని పురుషులకు కూడా గౌరవప్రదమయింది.

ఇప్పుడు డబ్బు సంగతి. 1957లో ఫోర్డ్ ఫౌండేషన్ కళల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని నడిపినవాడు మెక్నీల్ లౌరీ. దేశమంతా తిరిగి, ఈ చిన్న నాటకశాలల నాయకులను పిలిచి మాట్లాడి, వారికి నిధులు ఇచ్చాడు. అరీనాకు నటుల జీతాలకోసం ఆ సొమ్ము అందింది. ఫోర్డ్ అంటే కార్ల ఫోర్డ్. కార్మిక సంఘాన్ని అణచడానికి కిరాయి గూండాలను పెట్టుకున్న కంపెనీ ధనం. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో ఆ ఫౌండేషన్ ఉదారత్వం వెనక రాజకీయం లేదని నమ్మేంత అమాయకులం కాము. అందుచేత మన యువకుల్లో చాలామంది ఇక్కడితో తీర్పు చెప్పి పుస్తకం మూసేస్తారు. నేను మూయలేను. వీరందరికీ ఆదర్శప్రాయమయిన మాస్కో ఆర్ట్ థియేటర్‌కు 1902లో భవనం కట్టించి ఇచ్చినవాడు సవ్వా మొరోజోవ్. బట్టల మిల్లుల యజమాని. అతని మిల్లు కార్మికుల చెమట ఫోర్డ్ కార్మికుల చెమట కన్నా తియ్యనిదేమీ కాదు. ఆ వేదికమీదనే గోర్కీ ‘అథోజగత్తు’ ఆడింది. దాత ఎవరన్న ప్రశ్న అవసరమే. దానితో విమర్శ మొదలవాలి గాని ముగియకూడదు. ఆ డబ్బుతో ఏంచేశారు, ఏంచేయలేకపోయారు అని చూడాలి.

ఏంచేశారో ఒక ఉదాహరణ. 1961 అక్టోబరులో అరీనా తన సొంత భవనంలోకి మారింది. హారీ వీస్ అనే వాస్తుశిల్పి కట్టినది. ప్రారంభోత్సవానికి ఎంచుకున్న నాటకం బ్రెహ్ట్ ‘కకేషియన్ చాక్ సర్కిల్’, దర్శకుడు అలన్ ష్నైడర్. సరిగ్గా పద్నాలుగేళ్ళ కిందట, 1947 అక్టోబరులో, అదే నగరంలో బ్రెహ్ట్‌ను అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల సంఘం ముందు నిలబెట్టి, నువ్వు కమ్యూనిస్టువా అని అడిగారు. అతడు మర్నాడే ఆ దేశం వదిలి వెళ్ళాడు. అటువంటి రచయితను, అటువంటి నగరంలో, ఫౌండేషన్ల ధనంతో కట్టిన కొత్త శాలకు తొలి అతిథిగా పిలవడానికి ధైర్యం కావాలి. ఆ నాటకం కూడా మామూలుది కాదు. రెండు సామూహిక క్షేత్రాలవారు ఒక లోయకోసం తగాదా పడతారు. దానికి జవాబుగా ఒక కథ ఆడిస్తారు. కన్నతల్లి విడిచిపోయిన బిడ్డను గ్రూషా అనే పనిపిల్ల పెంచుతుంది. సుద్దముక్కతో గీసిన వలయంలో బిడ్డను నిలబెట్టి లాగమంటే, నొప్పి పెడుతుందని ఆమె చెయ్యి వదిలేస్తుంది. న్యాయమూర్తి బిడ్డను ఆమెకే ఇస్తాడు. ఏ వస్తువయినా దాన్ని సాకేవారిది, పత్రాలున్నవారిది కాదు అన్నది దాని సారం.

అయితే ఆ భవనం ఏ నేలమీద లేచింది? వాషింగ్టన్ నైరుతి భాగం అంతకుముందు పేదల పేట. అత్యధికులు నల్లజాతివారు. నగర పునర్నిర్మాణం పేరుతో ప్రభుత్వం ఆ పేటనంతా నేలమట్టం చేసింది. అభ్యంతరం చెప్పిన ఒక దుకాణం కేసులో 1954లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఇరవైవేలకు పైగా మనుషులు ఇళ్ళు వదిలి వెళ్ళారు. ఆ ఖాళీ చేసిన నేలమీద, కొత్త అపార్టుమెంట్ల సరసన, అరీనా కొత్త భవనం లేచింది. పత్రాలున్నవారిది కాదు, సాకేవారిది అని లోపల నటులు చెపుతున్న నేల కింద, సాకినవారిని తరిమేసిన పునాదులున్నాయి. జెల్డా కుట్ర చేసి ఆ స్థలం తీసుకున్నదని నేను అనడం లేదు. నగరం చూపిన స్థలంలో కట్టారు. మంచి మనసుగల నాయకురాలు, మంచి నాటకం, మంచి ప్రేక్షకులు, ముగ్గురూ వుండగా కూడా నేల తన చరిత్రను తాను మోస్తుంది. పదకొండేళ్ళ కిందట నల్లవారికి తలుపు తెరిచిన సంస్థకు, ఇప్పుడు తలుపు తెరిచినా వచ్చేందుకు ఆ పేటలో పాతవాళ్ళు లేరు.

ఇకపోతే ఈ సంస్థ చరిత్రలో అన్నిటికన్నా బోధకమయిన ఘట్టం ‘ది గ్రేట్ వైట్ హోప్’. దీన్ని గురించి కొంచెం విస్తరించి చెప్పక తప్పదు.

హోవర్డ్ శాక్లర్ రాసిన ఈ నాటకం జాక్ జాన్సన్ అనే నల్లజాతి ముష్టియోధుడి జీవితం ఆధారంగా నడుస్తుంది. అతడు ప్రపంచ హెవీవెయిట్ విజేత అయినప్పుడు తెల్లవారి ప్రపంచం ఓర్వలేకపోయింది. అతణ్ణి ఓడించే తెల్లవాడి కోసం వెతికింది. తెల్లజాతి స్త్రీతో కాపురం చేశాడని కేసు పెట్టి దేశాంతరం పట్టించింది. పెద్ద నాటకం, పెద్ద తారాగణం. 1967 డిసెంబరులో అరీనాలో ప్రదర్శించారు. దర్శకుడు అక్కడే పనిచేస్తున్న ఎడ్విన్ షెరిన్. ప్రధాన పాత్రధారి జేమ్స్ ఎర్ల్ జోన్స్, ఎదుట జేన్ అలెగ్జాండర్. లాభం ప్రధానంగా చూసుకునే నిర్మాత ఎవరూ అంత పెద్ద బృందంతో ఆ మొదటి పందెం కాయలేడు. జాతీయ కళానిధి నుంచి వచ్చిన ప్రజాధనం, చందాదారుల డబ్బు, నటబృందపు శ్రమ, ఏళ్ళతరబడి కూడిన నైపుణ్యం, ఇవన్నీ కలిసి దాన్ని నిలబెట్టాయి. సంస్థకు మిగిలింది లోటు.

నాటకం నిలబడ్డాక బ్రాడ్‌వే వచ్చింది. 1968 అక్టోబరులో అక్కడ తెరలేచింది. అదే దర్శకుడు, అదే నాయకుడు, అదే నాయిక, వాషింగ్టన్ తారాగణంలో చాలామంది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమానం. 1970లో సినిమా. వాషింగ్టన్ సంస్థకు దక్కిన వాటా ఎంత? ఏమీ లేదు. హక్కులు రచయితవి, లాభాలు నిర్మాతలవి. విత్తనం వేసి నీరు పెట్టినవాడికి పంటలో పాలు లేదు. అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. ఏళ్ళ తరబడి కూర్చుకున్న నటబృందం ఒక్క ఊపులో చెదిరిపోయింది. దాదాపు ఇదే సమయానికి ఇంగ్లండులో జోన్ లిటిల్‌వుడ్ కూడా ఇదే మొత్తుకుంది. తూర్పు లండనులో కార్మికపేటలో ఆమె తీర్చిదిద్దిన నాటకాలు వెస్ట్ ఎండ్‌కు పోయినకొద్దీ, డబ్బు కొంత వచ్చింది గాని బృందం మిగలలేదు.

ఇందులోని యంత్రాంగాన్ని గమనించండి. నష్టం వచ్చే దశంతా ప్రజలది. లాభం వచ్చే దశ ప్రైవేటుది. లాభాపేక్ష లేని సంస్థ అన్న మాటకు లాభం పుట్టదని అర్థం కాదు. పుట్టిన లాభం అక్కడ నిలవదని అర్థం. ఆ తరవాత ఇటువంటి సంస్థలు జాగ్రత్తపడి, నాటకం బ్రాడ్‌వేకు పోతే తమకు భాగం వుండాలని ఒప్పందాల్లో రాయించుకోవడం నేర్చాయి. మంచిదే. కాని దానివల్ల మరో జబ్బు పట్టుకుంది. నాటకాన్ని ఎంచుకునేటప్పుడే ఇది న్యూయార్కుకు పోతుందా అని ఓరకంటితో చూడడం మొదలయింది. ప్రాంతీయ నాటకశాల బ్రాడ్‌వేకు ప్రత్యామ్నాయంగా పుట్టి, దానికి నారుమడిగా మారే ప్రమాదం అక్కడినుంచి వచ్చింది.

ఇది చదువుతుంటే మనకు మద్రాసు గుర్తు రావాలి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి వైద్యుడయిన గరికపాటి రాజారావు నాయకత్వాన ఊరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ తెలంగాణ పోరాటం సాగుతుండగానే 1947లో ఆంధ్రదేశాన్ని ఊపింది, నిషేధానికి గురయింది. నాజర్ బుర్రకథ ఆ ఉద్యమంలోనిదే. దళాలను నిర్బంధం చెదరగొట్టింది. ఆ తరవాత రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశాడు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య వంటి నటులు సినిమా రంగంలో స్థిరపడ్డారు. ఊళ్ళల్లో, పొలాలగట్ల మీద, ఉద్యమం ఖర్చుతో తయారయిన గొంతులూ ముఖాలూ చిత్రపరిశ్రమకు ఉచితంగా చేరాయి. వారు అమ్ముడుపోయారని కొందరు తేలిగ్గా అంటారు. ఆ మాట అన్యాయం. లాఠీలు ఒకవైపు, పస్తులు మరొకవైపు. జీతమిచ్చి నిలబెట్టుకునే ఏర్పాటు మనం చేయలేదు. త్యాగం ఒక్కటే ఆధారంగా నడిచే నాటక సంస్థ త్యాగం చేయగల వయసు దాటిన నటుణ్ణి పోగొట్టుకుంటుంది. పెళ్ళీ పిల్లలూ వున్న నటుడికి అరీనా వారం వారం జీతమిచ్చింది. మనం దండ వేశాం.

అయితే ఆ జీతం పుచ్చుకున్న నటుడికి సంస్థలో మాట వుందా? నేను చదివినంతలో లేదు. ఎవరుండాలో, ఎవరు వెళ్ళాలో, ఏ నాటకం ఆడాలో జెల్డా తేల్చేది. ఆమె ఉపన్యాసాలూ వ్యాసాలూ చదివితే, నటుడి గౌరవాన్ని గురించి అంత ఆర్తితో మాట్లాడిన సంస్థాధిపతి అరుదనిపిస్తుంది. ఆర్తి నిజమైనదే. అధికారం మాత్రం పంచలేదు. ధర్మకర్తల మండలి నిజానికి ఆమె మాట వినేది. స్థాపకురాలికుండే పలుకుబడి అది. దాతల ఒత్తిడి నుంచి కళను కాపాడినది ఈ పలుకుబడే అని ఒప్పుకుంటాను. కాని ఒక వ్యక్తి పలుకుబడి మీద ఆధారపడిన రక్షణ ఆ వ్యక్తితోనే వెళ్ళిపోతుంది. మంచి జమీందారు పాలనలో రైతు సుఖంగా వున్నాడని మన తాతలు చెప్పేవారు. కొడుకు వచ్చాక ఏమయిందో కూడా చెప్పేవారు.

1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తరవాత వాషింగ్టన్ తగలబడింది. జనాభాలో అత్యధికులు నల్లజాతివారయిన నగరంలో తమ ప్రేక్షకులు ఎక్కువగా తెల్లవారే అన్న నిజాన్ని జెల్డా ముఖాముఖి చూసింది. నల్లజాతివారి కథ ఒకటి ఆడితే చాలదు, నటబృందమే మారాలని నిర్ణయించి, ఫోర్డ్ సొమ్ముతో నల్లజాతి నటులను తీసుకుని, ఏ పాత్రనయినా ఎవరయినా వేసే మిశ్రమ బృందాన్ని కట్టడానికి పూనుకున్నది. అప్పటికి అది సాహసం. కాని 1980ల చివర మళ్ళీ ప్రభుత్వ నిధి తెచ్చి, నల్లజాతి యువకులకు శిక్షణ పథకం కొత్తగా మొదలుపెట్టవలసి వచ్చిందంటే, మొదటిది వేరు పట్టలేదనే అర్థం. ఇది ఒక్క అరీనా లోపం కాదు. 1996లో ప్రిన్స్‌టన్‌లో ఇటువంటి సంస్థల మహాసభలోనే నిలబడి నాటకకర్త ఆగస్ట్ విల్సన్ లెక్క చెప్పాడు: ఆ కూటమిలోని 66 పెద్ద నాటకశాలల్లో నల్లజాతిది ఒక్కటే. తెల్ల సంస్థలో నల్ల నటుడికి చోటు ఇవ్వడం ఒకటి, నల్లవారి చేతికి సంస్థను ఇవ్వడం మరొకటి అన్నది అతని వాదం.

అటువంటి సంస్థ ఒకటి వుండేది. 1963లో మిసిసిపీలో డోరిస్ డెర్బీ, జాన్ ఓనీల్, గిల్బర్ట్ మోజెస్ అనే ముగ్గురు యువజనులు పౌరహక్కుల ఉద్యమంలోంచి ఫ్రీ సదరన్ థియేటర్ పుట్టించారు. చర్చిల్లో, పల్లెల్లో, టిక్కెట్టు లేకుండా ఆడారు. మన ప్రజానాట్యమండలికి తోబుట్టువు అనదగినది. దానికి భవనం లేదు, చందాదారులు లేరు. 1980 నాటికి నిలిచిపోయింది. 1985లో న్యూ ఆర్లియన్స్‌లో దానికి బ్యాండుమేళంతో అంత్యక్రియలు జరిపారు. ఉద్యమానికి దగ్గరగా వున్నది చనిపోయింది, దాతలకు దగ్గరగా వున్నది బతికింది. ఈ వాక్యాన్ని మన మిత్రులు సూత్రంగా తీసుకోవద్దు. ఎందుకంటే బతికిన దానిలో కూడా ఏ అవయవం బతికింది, ఏది చనిపోయింది అని చూడాలి. 1966లో అరీనా శాఖగా రాబర్ట్ అలెగ్జాండర్ ‘లివింగ్ స్టేజి’ అనే చిన్న బృందాన్ని పెట్టాడు. పేద పిల్లలతో, ఖైదీలతో, వికలాంగులతో కలిసి అప్పటికప్పుడు నాటకం అల్లడం వారి పద్ధతి. ముప్పై ఏళ్ళకు పైగా నడిచింది. 2000 తరవాతి తొలి ఏళ్ళలో డబ్బు చాలదని మూసేశారు. సంస్థ ఇరుకునపడ్డప్పుడు ముందు తెగేది టిక్కెట్టు కొనలేనివారి కొమ్మే.

నేరాలు మాత్రమే ఏరుతున్నానని అనుకోకండి. 1973లో ఈ బృందం మాస్కో, లెనిన్‌గ్రాడ్‌లలో ఆడింది. తీసుకుపోయిన రెండు నాటకాల్లో ఒకటి ‘ఇన్‌హెరిట్ ది విండ్’. బైబిలుకు విరుద్ధంగా పరిణామవాదం బోధించిన ఉపాధ్యాయుడి విచారణ కథ. మెకార్తీ కాలపు ఊపిరాడని వాతావరణం మీద గురిపెట్టినది. ఆ నాటకాన్ని 1955లో డల్లస్‌లో మొదటిసారి ఆడించినది మార్గో జోన్స్. భావస్వేచ్ఛ గురించిన నాటకాన్ని సోవియట్ దేశంలో ఆడడంలోని చురక అక్కడి ప్రేక్షకులకు తెలియకపోలేదు. అమెరికా ప్రభుత్వానికీ తగిలే చురక అది. 1987లో సోవియట్ పౌరసత్వం కోల్పోయిన లూబిమోవ్ అరీనాలో దోస్తొయెవ్‌స్కీ ‘నేరము శిక్ష’కు దర్శకత్వం వహించాడు. రెండు శిబిరాల మధ్య నాటకం ఎవరి బాకా కాకుండా నిలబడగలదని చూపిన సందర్భాలు ఇవి. ప్రభుత్వ పర్యటనలన్నీ ప్రచారమేనని కొట్టిపారేసే విమర్శకుడు ఆడిన నాటకం ఏదో కూడా కాస్త చూడాలి.

1976లో ప్రాంతీయ నాటకశాలలకు టోనీ బహుమతి మొదటిసారిగా ఇచ్చినప్పుడు అది అరీనాకే వచ్చింది. బ్రాడ్‌వే తన బహుమతిని బ్రాడ్‌వేకు వెలుపల ఇవ్వడం గౌరవమో, దత్తత స్వీకారమో తేల్చుకోవడం కష్టం.

జెల్డా 1991లో బాధ్యత వదిలింది. 2016లో మరణించింది. ఆమె తరవాత డగ్లస్ వేగర్, 1998 నుంచి 2023 దాకా మాలీ స్మిత్ నడిపారు. 2010లో పాత రంగస్థలాలను ఒక పెద్ద గాజుగోడల భవనం కిందికి తెచ్చారు. ఆ భవనానికి దాతలయిన మీడ్ దంపతుల పేరు. లోపల మూడు శాలలు. నడుమ రంగస్థలమున్న పాతది ఫిచాండ్లర్‌ల పేరుమీద వుంది. రెండోది బీమా కంపెనీ అధిపతి క్రీగర్ పేరుమీద, మూడోది దాతలయిన కొగోడ్ దంపతుల పేరుమీద వున్నాయి. నటుల సంగతి వేరు. స్థిరమైన నటబృందం, ఏడాది పొడుగునా జీతం, కలిసి ముదిరిన మనుషులు, దేనికోసమయితే సంస్థ పుట్టిందో ఆ ఏర్పాటు, ఆమె వెళ్ళిన పదేళ్ళు తిరక్కుండానే సద్దుమణిగింది. ఇప్పుడు అక్కడ కూడా నటుడు నాటకానికి నాటకానికి ఒప్పందం మీద వస్తాడు, పోతాడు. బ్రాడ్‌వే నుంచి నటుణ్ణి విముక్తి చేయడానికి కట్టిన ఇంట్లో బ్రాడ్‌వే పద్ధతే కాపురం పెట్టింది. ఇందుకు తరవాతి నాయకులను తప్పుపట్టేవారున్నారు. స్థిర బృందం ఖర్చు మోయలేమని వారు చెప్పిన కారణంలో నిజం వుంది. బామాల్ చెప్పిన గొయ్యి అది. కాని ఆ గొయ్యి భవనాల విషయంలో అడ్డురాలేదు. భవనం మీద దాత పేరు చెక్కవచ్చు. నటుడి నెలజీతం మీద ఎవరి పేరు చెక్కుతారు? ఇచ్చేవాడి ఇష్టాన్నిబట్టి ఖర్చు దారి మారుతుంది. తమ జీతం సంగతి తేల్చే చోట నటులకు ఒక్క కుర్చీ అయినా వుండివుంటే లెక్క ఇలాగే తేలేదా అన్నది నాకు తీరని అనుమానం.

2023లో హానా షరీఫ్ కళాదర్శకురాలయింది. డెబ్బైమూడేళ్ళ చరిత్రలో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ. విల్సన్ అడిగినదానికి ఇది పూర్తి జవాబు కాదు గాని, జవాబు వైపు ఒక అడుగు. ఆమె చేతికి వచ్చినవి గాజు భవనం, చందాదారుల జాబితా, ధర్మకర్తల మండలి, 2020 నాటి మహమ్మారి తరవాత అన్ని నాటకశాలలనూ పీడిస్తున్న ఖాళీ కుర్చీల బెంగ. నటబృందం మాత్రం రాలేదు.